సాఫ్ట్‌వేర్ లోపాల సవరణ కార్యాలయ బాధ్యతే
(ప్రత్యేక వ్యాసం)

మొగుళ్లపల్లి: జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని మొగుళ్లపల్లి మండలం వ్యవసాయాధారిత ప్రాంతం. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగే వరకు ఉమ్మడి వరంగల్ జిల్లాలో భాగంగా ఉన్న ఈ మండలంలో నేడు వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ తహశీల్దారు కార్యాలయంలోని కంప్యూటర్ ద్వారా జరుగుతున్నది. 2020 అక్టోబరులో ధరణి, 2025 ఏప్రిల్ నుండి దాని స్థానంలో భూ భారతి పోర్టల్ ఇందుకు ఆధారమయ్యాయి. పత్తి విక్రయానికి సైతం 2025లో భారత పత్తి సంస్థ కపాస్ కిసాన్ యాప్ ద్వారా స్లాటు నమోదు విధానాన్ని ప్రవేశపెట్టింది. కాగితపు దస్త్రం స్థానాన్ని సాఫ్ట్‌వేర్ ఆక్రమించినపుడు, ఆ సాఫ్ట్‌వేర్‌లోని భద్రతా లోపం రైతు పనికి ఆటంకమవుతుందని వేరుగా చెప్పనవసరం లేదు.

59 రోజుల గడువు

ఏ సాఫ్ట్‌వేర్ కూడా లోపరహితం కాదు. లోపం బయటపడగానే తయారీదారు ప్యాచ్ అని వ్యవహరించే దిద్దుబాటును విడుదల చేయడం పరిపాటి. అది విడుదలైన నాటికి, కార్యాలయంలోని యంత్రంలో అమలైన నాటికి మధ్య గల కాలమే అసలు ప్రమాదకాలం. 2017 మే 12న ప్రారంభమై 150కి పైగా దేశాలలో రెండు లక్షలకు మించిన కంప్యూటర్లను స్తంభింపజేసిన వానాక్రై దాడి ఇందుకు నిదర్శనం. ఆ దాడికి తావిచ్చిన విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ సంస్థ అదే సంవత్సరం మార్చి 14ననే దిద్దుబాటును విడుదల చేసింది. 59 రోజుల వ్యవధి లభించినా దానిని వినియోగించుకోని సంస్థలు నష్టపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో పలు జిల్లాల పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు సైతం ఈ దాడికి గురైన విషయం విదితమే.

విద్యుత్ సంస్థల అనుభవం

మొగుళ్లపల్లికి మరింత సమీపమైన ఉదాహరణ 2019 నాటిది. ఆ సంవత్సరం ఏప్రిల్ నెలాఖరులో ఉభయ తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్ దాడికి లోనయ్యాయి. హన్మకొండ ప్రధాన కేంద్రంగా ఈ మండలానికి విద్యుత్తు అందించే ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ కూడా వాటిలో ఒకటి. విద్యుత్ సరఫరాకు విఘాతం కలుగనప్పటికీ, ఆన్‌లైన్ బిల్లు చెల్లింపు సేవలకు అంతరాయం ఏర్పడింది. పలు సంస్థల సేవలు ఒకే సమయంలో దెబ్బతినడం ఇక్కడ గమనార్హం. వెబ్‌సైట్ నిర్వహణను బయటి సంస్థకు అప్పగించినా, వినియోగదారునికి జవాబు చెప్పవలసినది సంబంధిత శాఖే. కనుక నిర్వహణ ఒప్పందంలో దిద్దుబాట్ల అమలుకు గడువు, డేటా బ్యాకప్, తనిఖీ అంశాలను స్పష్టంగా పొందుపరచడం ఆవశ్యకం.

నిబంధనలు ఏమి చెబుతున్నాయి

2004లో ఏర్పాటైన సెర్ట్-ఇన్ దేశంలో సైబర్ భద్రతా ఘటనలపై స్పందించే జాతీయ సంస్థ. సమాచార సాంకేతిక చట్టం 70బి సెక్షన్ కింద ఈ సంస్థ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం, సైబర్ ఘటన తమ దృష్టికి వచ్చిన 6 గంటలలోగా సంస్థలు నివేదించవలసి ఉంటుంది. కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజుల పాటు భద్రపరచాలి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2021 అక్టోబరులో విద్యుత్ రంగానికి ప్రత్యేక మార్గదర్శకాలను వెలువరించింది. అయితే నివేదిక అన్నది ఘటన జరిగిన పిమ్మట చేసే పని. ఘటనకు ముందే జరగవలసిన పని ప్రతి కార్యాలయంలోనూ ఉన్నది.

రిజిస్టరుతో ప్రారంభం

కుర్చీలు, బల్లలు, బీరువాల వివరాలు ప్రభుత్వ కార్యాలయాల స్టాకు రిజిస్టరులో నమోదవుతాయి. అదే రీతిన ఏ యంత్రంలో ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్ ఉన్నదీ, దాని నిర్వహణ ఎవరిదీ, చివరి దిద్దుబాటు ఎప్పుడు జరిగిందీ నమోదు కావాలి. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జె అనే సాఫ్ట్‌వేర్ భాగంలో 10కి 10 తీవ్రత గల లోపం బయటపడినపుడు, అది తమ వద్ద ఎక్కడ ఉన్నదో తెలుసుకోవడమే ప్రపంచవ్యాప్తంగా అనేక సంస్థలకు పెద్ద సమస్య అయింది. తనవద్ద ఏమున్నదో తెలియని సంస్థ దేనిని సరిచేయాలో నిర్ణయించలేదు.

రెండవది ప్రాధాన్యతా క్రమం. ఏటా వేల సంఖ్యలో లోపాలు వెల్లడవుతున్నందున అన్నింటినీ ఒకే రోజు సవరించడం సాధ్యం కాదు. దుండగులు ఇప్పటికే వాడుకుంటున్న లోపాలను, ఇంటర్నెట్‌కు నేరుగా అనుసంధానమైన యంత్రాలను ముందుగా చేపట్టాలి. తొందరపాటు కూడా తగదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ విడుదల చేసిన లోపభూయిష్టమైన అప్‌డేట్ వలన సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయి, విమాన సేవలు సైతం స్తంభించాయి. ముందుగా కొన్ని యంత్రాలలో పరీక్షించి, తదుపరి మిగిలిన వాటికి విస్తరింపజేయడం శ్రేయస్కరం.

మూడవది బాధ్యుల నిర్ణయం. మండల స్థాయిలో కంప్యూటర్ ఆపరేటరుకు యంత్రం వాడే పని ఉంటుంది గాని, దానిని మార్చే అధికారం గాని, నిధులు గాని ఉండవు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పొడిగించిన భద్రతా అప్‌డేట్ల ఏర్పాటు లేని యంత్రాలకు కొత్త దిద్దుబాట్లు అందవు. ఇట్టి యంత్రాలను గుర్తించి, వాటి మార్పిడికి బడ్జెట్‌లో కేటాయింపు కోరవలసినది కార్యాలయ అధిపతి, జిల్లా యంత్రాంగమే. కింది స్థాయి ఉద్యోగిని బాధ్యుని చేసినంత మాత్రాన లోపం పూడదు.

పాత్రికేయుల పాత్ర

తెలంగాణ పోలీసు శాఖకు చెందిన హాక్ ఐ యాప్ సమాచారం బయటకు పొక్కిన ఉదంతంలో 2024 జూన్‌లో నిందితుని అరెస్టు జరిగింది. నిందితుడు ఎవరన్నది వార్తే. అయితే లోపం ఎప్పుడు తెలిసింది, దిద్దుబాటు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు అమలు చేశారన్న మూడు తేదీలను కూడా పత్రికలు అడిగినపుడే ప్రజలకు పూర్తి చిత్రం లభిస్తుంది. లోపాన్ని కనుగొన్నవారు దానిని బహిరంగపరచక ముందు సెర్ట్-ఇన్‌కు తెలియజేసే మార్గం కూడా ఉన్నది. సవరణ జరగని లోపపు సాంకేతిక వివరాలను ప్రచురించకుండా ఉండటం ప్రజాహితం దృష్ట్యా అవసరం.

పట్టాదారు తన భూమి వివరాలను ప్రభుత్వంపై నమ్మకంతో అప్పగిస్తున్నాడు. ఆ నమ్మకాన్ని నిలబెట్టేందుకు ఖరీదైన పరికరాల కన్నా ముందుగా ఒక రిజిస్టరు, ఒక గడువు, ఒక బాధ్యుడైన అధికారి ప్రతి కార్యాలయంలోనూ ఉండవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది.