బీడు భూమి బంజరు కాదు: తోడేలు పక్షాన కొన్ని మాటలు

గత సంచికలో ఈ శీర్షిక క్రింద బట్టమేక పక్షిని గూర్చి ముచ్చటిస్తూ, ఆ పచ్చిక బయళ్లలోనే నివసించే తోడేలును కూడా కాపాడుకోవలసి ఉన్నదని ఒక వాక్యం వ్రాశాము. దానిని చదివి, మన ఉద్యోగి ఒకరి కుటుంబం నుండి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. "పులిని కాపాడమంటే అర్థం చేసుకోగలము. నెమలిని కాపాడమంటే సంతోషిస్తాము. పసిపిల్లలను ఎత్తుకుపోయే తోడేలును కూడా కాపాడమంటారా?" అని వారి ప్రశ్న. అది ఒక తల్లి అడిగిన న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానం చెప్పడానికే ఈ నెల శీర్షికను వినియోగిస్తున్నాము.

ముందుగా బాధాకరమైన సత్యాన్ని ఒప్పుకుందాము. తోడేళ్లు మనుషుల మీద దాడి చేసిన సందర్భాలు మన దేశంలో ఉన్నాయి. 1996లో తూర్పు ఉత్తరప్రదేశ్‌లోని ప్రతాప్‌గఢ్, సుల్తాన్‌పుర్, జౌన్‌పుర్ జిల్లాలలో పదుల సంఖ్యలో పిల్లలు వాటి వాత పడ్డారు. 2024లో అదే రాష్ట్రంలోని బహ్రాయిచ్ జిల్లాలో మరల అటువంటి విషాదమే జరిగింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి పర్యావరణ పాఠాలు చెప్పడం తగదు. దాడులకు అలవాటు పడిన జంతువును గుర్తించి తొలగించడం ప్రభుత్వ బాధ్యత. ఆ విషయంలో మాకు రెండవ అభిప్రాయం లేదు.

అయితే ఈ దాడులు ఎక్కడ జరిగాయో గమనించండి. జనసాంద్రత అధికమై, అడవి జంతువులు దాదాపు కనుమరుగై, తలుపులైనా లేని ఇండ్లలో పేదలు నిద్రించే పల్లెలలో జరిగాయి. తోడేళ్లు నేటికీ సంచరించే దక్కను పీఠభూమిలో గొర్రెల కాపరులు తరతరాలుగా వాటి నడుమనే రాత్రులు గడుపుతున్నారు. అక్కడ నష్టం గొర్రెపిల్లలకే గాని మనుషులకు కలగడం మిక్కిలి అరుదు. కొన్ని చోట్ల కొన్ని జంతువులు చేసిన దానికి జాతి మొత్తాన్ని శిక్షించడం న్యాయం కాదు.

అట్టి శిక్ష ఇప్పటికే ఒకసారి అమలయింది. ఆంగ్లేయుల పాలనలో తోడేలును హానికర జంతువుగా ప్రకటించి, చంపినవారికి బహుమతులు చెల్లించేవారు. పంతొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దాల నుండి ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాల వరకు ఆ విధంగా లక్షకు పైగా తోడేళ్లు హతమయ్యాయి. నేడు దేశం మొత్తం మీద మిగిలినవి సుమారు 3 వేలు మాత్రమేనని శాస్త్రజ్ఞుల అంచనా. మన పులుల సంఖ్య కూడా 2022 గణనలో 3,682గా తేలింది. అంటే నేడు తోడేలు కూడా పులి వలెనే అరుదైనది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రెండింటికీ సమాన స్థానమే ఉన్నది. ప్రజల మనస్సులలో మాత్రం లేదు.

మనలో చాలామందికి తోడేలు పేరు తెలుసును గాని రూపు తెలియదు. నక్కను, దుమ్ములగొండిని, రేసుకుక్కను చూసి తోడేలని భ్రమపడేవారు కలరు. మన మైదానాల తోడేలు సన్నని దేహం, పొడవైన కాళ్లు, పలుచని బూడిద గోధుమ రంగు వెంట్రుకలు గల జంతువు. బరువు సాధారణంగా ఇరవై కిలోలకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. ఆడ, మగ జంటగా కాపురముండి, చలికాలంలో పిల్లలను కంటాయి. తండ్రి కూడా వేటాడి తిన్నది తెచ్చి, పిల్లల ముందు కక్కి వాటిని పోషిస్తుంది. ప్రపంచంలోని తోడేలు వంశాలన్నింటిలో మన భారతీయ తోడేలు అతి ప్రాచీనమైన వాటిలో ఒకటని జన్యు పరిశోధనలు తెలుపుతున్నాయి. భీముని వృకోదరుడని పిలిచిన కాలం నుండి మన భాషలకు పరిచయమైన ఈ జీవి, ఇక్కడ పోతే వేరొక దేశం నుండి తెచ్చుకొనగలిగినది కాదు.

మరి దానికి నేటి ప్రధాన శత్రువు ఎవరు? వేటగాని తుపాకి కంటె 'బంజరు' అనే మాట ఎక్కువ హాని చేస్తున్నదని మేము భావిస్తున్నాము. తోడేలు దట్టమైన అడవిలో ఉండదు. గడ్డి బయళ్లు, ముళ్లపొదలు, రాతి గుట్టలు, వర్షాధార పొలాల అంచులు దాని నివాసం. ఈ భూములలో ఎక్కువ భాగం అభయారణ్యాల హద్దులకు వెలుపల ఉన్నాయి. హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం సహకారంతో కేంద్ర ప్రభుత్వం రూపొందించిన బంజరు భూముల అట్లాసులలో పొదలతో నిండిన బీళ్లను కూడా బంజరుగానే లెక్కించారు. ఒకసారి ఆ ముద్ర పడిన తరువాత, కర్మాగారానికైనా, రహదారికైనా, సౌర విద్యుత్ క్షేత్రానికైనా మొదట కంటికి కనిపించేది ఆ భూమియే. అక్కడ కృష్ణజింక మేస్తుందని, కుందేలు గంతులు వేస్తుందని, కాపరి తన మందను తోలుకొని వస్తాడని, వీరందరి వెనుక తోడేలు తిరుగుతుందని ఆ పటంలో వ్రాసి ఉండదు.

బట్టమేక పక్షి కొరకు 1988లో ఏర్పడిన రోళ్లపాడు అభయారణ్యం మన తెలుగువారికి సమీపంలోని ఉదాహరణ. నేటి నంద్యాల జిల్లాలోని ఆ పచ్చిక బయళ్లు పక్షితో పాటు కృష్ణజింకకు, తోడేలుకు కూడా ఆశ్రయమిచ్చాయి. పచ్చిక నిలిచిన చోట ఇన్ని ప్రాణులు నిలుస్తాయి.

ఇక్కడ ఒక ఆత్మవిమర్శ అవసరం. మనవంటి సంస్థలు వర్షాకాలంలో మొక్కలు నాటే కార్యక్రమాలను ఉత్సాహంగా జరుపుకుంటాయి. అందులో మేమూ పాల్గొన్నాము, ఫొటోలూ దిగాము. కాని గడ్డి నేలలో గుంటలు త్రవ్వి యూకలిప్టస్, సుబాబుల్ వంటివి నింపితే అది పచ్చదనమే గాని పచ్చిక కాదు. జింక మేత పోతుంది, కాపరి మేత పోతుంది. ఆకలిగొన్న తోడేలు దొడ్డివైపు చూస్తుంది. అప్పుడు దానిని దొంగ అంటాము.

రెండవ ప్రమాదం ఊరకుక్కలు. మన కాలనీల వెలుపల పోగుపడే ఎంగిలి కూటిపై బలిసిన కుక్కల గుంపులు బీళ్లలోకి వెళ్లి, తోడేళ్లకు రేబిస్, డిస్టెంపర్ వంటి వ్యాధులను అంటిస్తున్నాయి. వాటితో జతకూడి సంకర సంతానాన్ని కూడా కంటున్నాయి. పుణె ప్రాంతంలో ఇట్టి సంకరం జన్యు పరీక్షలలో నిర్ధారణ అయింది.

నిరాశపడనవసరం లేదు. అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయ వనంలో 1926 నాటికి తోడేళ్లను తుదముట్టించారు. దాదాపు డెబ్బది ఏండ్ల తరువాత, 1995, 96 సంవత్సరాలలో కెనడా నుండి 31 తోడేళ్లను తెచ్చి విడిచిపెట్టారు. నేడు అక్కడ సుమారు వంద ఉన్నాయి. మనకు అంత శ్రమ అక్కరలేదు. మన తోడేళ్లు ఇంకా మన మధ్యనే ఉన్నాయి. నేటి జార్ఖండ్‌లోని మహువాడాండ్‌లో 1976లోనే తోడేళ్ల అభయారణ్యం ఏర్పడింది. ఇటీవల కర్ణాటకలోని కొప్పళ జిల్లా బంకాపురలో కూడా ఆ ప్రయత్నం జరిగింది. అయితే కంచె వేసిన కొద్దిపాటి నేల చాలదు. కాపరి సహకారం కావాలి. మందలో గొర్రె పోయిన కాపరికి నష్టపరిహారం త్వరగా, తిప్పించుకోకుండా అందినప్పుడే అతడు విషం పెట్టకుండా ఉంటాడు. పదుల సంఖ్యలో ఉద్యోగులు వార్షిక సెలవు వేతనం కోసం ఎన్నిసార్లు కార్యాలయం చుట్టూ తిరుగుతారో మనకు తెలుసు. చదువురాని కాపరి సంగతి ఊహించండి.

మన వంతుగా చేయదగినవి కొన్ని ఉన్నాయి. కొత్త స్థలం సర్వే చేసే సహోద్యోగులు, అక్కడ మందలు మేపేవారిని అడిగి తోడేళ్ల గుహలు ఉన్నవేమో తెలుసుకొని నివేదికలో వ్రాయాలి. గుహల సమీపంలో చలికాలపు త్రవ్వకాలను, పేలుళ్లను వాయిదా వేయాలి. మొక్కలను రహదారుల ప్రక్కన, క్వార్టర్ల నడుమ నాటి, గడ్డి నేలను గడ్డి నేలగానే ఉంచాలి. టౌన్‌షిప్‌లలో చెత్తకుండీలకు మూతలు, కుక్కలకు టీకాలు తప్పనిసరి కావాలి. పొదల చాటున కనిపించిన కూనలను కుక్కపిల్లలనుకొని ఇంటికి తెచ్చుకోరాదు. తల్లి సమీపంలోనే ఉంటుంది.

ఉత్తరం వ్రాసిన సోదరికి మా మనవి ఇది. మీ పిల్లలను కాపాడుకోవడానికి తోడేలు చావనవసరం లేదు. దానికి దాని బీడు, ఆ బీడులో దాని వేట మిగిలి ఉంటే అది మన గుమ్మం వైపు రాదు. ఈ సెలవులలో ఊరికి వెళ్లినప్పుడు, గొర్రెలను కాచే పెద్దలెవరైనా కనిపిస్తే తోడేలును గూర్చి అడిగి, వారు చెప్పినది మాకు వ్రాసి పంపండి. రాబోయే సంచికలలో ఆ అనుభవాలను ప్రచురిస్తాము.