డబ్లింగ్ అయ్యేదాకా ఆగాలా?



కొత్తవలస–కిరండూల్ లైనులో డబ్లింగ్ పూర్తయ్యాకే ఇంకో ప్యాసింజరు అడగాలని గత వారం ఒక పాఠకుడు రాశారు. నేను ఒప్పుకోను. కొత్తవలస–కోరాపుట్ రెండో లైనుకు 2015-16లోనే మంజూరు వచ్చింది, పని ఇంకా సాగుతూనే ఉంది. అంతవరకూ కొండవాళ్లు ఏం చేయాలి?

బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960లలో కొండలు తొలిచి వేసిన దారి ఇది. ఇప్పటికీ గూడ్సుకే పెద్దపీట. 2020 మార్చిలో కరోనా వచ్చి ప్యాసింజర్లు ఆగిపోయినా గూడ్సు బండ్లు నడిచాయి.

తైడలోనో చిమిడిపల్లిలోనో ప్లాట్‌ఫాం మీద కాసేపు నిలబడి చూడండి. అల్లం మూటలు, అడ్డాకుల కట్టలు, వాటి పక్కన చంటిబిడ్డతో తల్లి. బస్సు కావాలంటే ఘాట్ రోడ్డు దాకా మూటతో నడవాలి. 2017లో పర్యాటకులకు అద్దాల పెట్టె తగిలించారు, సంతోషమే. ఆవిడకు కావలసింది మాత్రం జనరల్ పెట్టె.

2025 ఫిబ్రవరిలో కేంద్రం ఆమోదించిన వాల్తేరు రైల్వే డివిజన్ విభజనలో ఈ లైను రాయగడ డివిజన్‌కు పోయింది. అర్జీ ఇవ్వాలన్నా ఇక ఒడిశా పోవాలి. కరెంటు లైను ఎలాగూ ఉంది. ముందు కొత్తవలస–అరకు మధ్య సాయంత్రం కరెంటుతో నడిచే మెము బండి ఒకటి నడపండి.

— ఒక పాఠకుడు, అనంతగిరి మండలం