టాక్సీ కార్ల బ్యాటరీల మార్పిడిపై తీర్మానం

విజయవాడలోని మా స్టాండు టాక్సీ యజమానుల, డ్రైవర్ల సంఘం సర్వసభ్య సమావేశం, తెల్లవారుజామున సెల్ఫ్ అందుకోక సభ్యుల కార్లు ఆగిపోతున్న విషయాన్ని చర్చించి ఈ కింది విధంగా తీర్మానించినది.

రైలు అందుకోవలసినవారు, ఆస్పత్రికి బయలుదేరినవారు, రాత్రివేళ ఒంటరిగా ప్రయాణించే ఆడపిల్లలు మన మాట నమ్మి కారెక్కుతారు. బ్యాటరీ పూర్తిగా చచ్చేదాకా లాగిద్దామనుకుంటే ఆ నష్టం మన జేబుతో పోదు. అలాగని మూడేళ్లు నిండాయన్న ఒక్క కారణంతో బాగున్న బ్యాటరీని తీయించడం, నెలనెలా కిస్తీ కట్టుకునే సభ్యుడికి అన్యాయం. మూడేళ్లకు తప్పనిసరిగా మార్చాలన్న సవరణ ప్రతిపాదనను సమావేశం ఈ కారణంగానే అంగీకరించలేదు. వయసు చూసి పరీక్ష మొదలుపెట్టాలి, పరీక్ష ఫలితం చూసి మార్చాలి.

మన ప్రాంతపు ఎండలను ఇక్కడ ప్రత్యేకంగా గమనించాలి. బ్యాటరీకి చలికన్నా వేడే ఎక్కువ చేటు. బానెట్ కింది వేడికి లోపలి సీసపు పలకలు త్వరగా తుప్పుపట్టి పాడవుతాయి, నీరు ఇంకిపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది ఈ రంగంలో వాడుకలో ఉన్న లెక్క. మే నెలలో తగిలిన దెబ్బ చాలాసార్లు డిసెంబరు ఉదయాల్లో బయటపడుతుంది. కాబట్టి రెండేళ్లు నిండిన ప్రతి బ్యాటరీకి ఫిబ్రవరిలోను, అక్టోబరులోను పరీక్ష జరగాలి.

రాత్రంతా ఆపి ఉంచిన కారుకు, లైట్లు వేయకముందే వోల్టుమీటరు పెట్టాలి. అప్పుడే ఆపిన కారుకు పెడితే లేని బలం ఉన్నట్టు చూపిస్తుంది. పూర్తి చార్జి ఉన్న మామూలు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. 12.4కు దిగిందంటే నాలుగింట మూడు వంతులే మిగిలినట్టు. అయితే చార్జి తగ్గిన బ్యాటరీ వేరు, పాడైన బ్యాటరీ వేరు. ముందు పూర్తిగా చార్జి చేయించి, ఒక రాత్రి వదిలి మళ్లీ చూడాలి. నిలబడితే దోషం మరోచోట ఉంది: ఇంజిన్ నడుస్తుండగా డైనమో సుమారు 13.8 నుంచి 14.5 వోల్టులు ఇస్తోందా, టెర్మినళ్లకు చిలుము పట్టిందా, కారు ఆపాక కూడా కెమెరా, జీపీఎస్ కరెంటు లాగుతున్నాయా అని చూడాలి. డైనమో తప్పుకు కొత్త బ్యాటరీ కొంటే అది కూడా నాలుగు రోజుల్లో డౌన్ అవుతుంది. నిలబడకపోయినా, పూర్తి చార్జి ఉండి కూడా సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 వోల్టుల కిందికి జారినా, ఆ బ్యాటరీని వారంలోగా మార్చాలి.

మూతలున్న బ్యాటరీలకు హైడ్రోమీటరు కూడా వాడాలి. ఆరు గదుల్లో ఏ ఒక్కటి మిగతావాటికన్నా 0.050 తక్కువ చూపినా ఆ బ్యాటరీ నమ్మదగినది కాదు. సీల్డ్ బ్యాటరీ మీది పచ్చ చుక్కను చూసి ధైర్యపడవద్దని సమావేశం గట్టిగా హెచ్చరిస్తున్నది. అది ఒక్క గది సంగతే చెబుతుంది.

పెట్టె ఉబ్బినా, పగిలినా, కుళ్లిన గుడ్ల వాసన వచ్చినా పరీక్షలతో పని లేదు. ఆ కారును కేబుళ్లు వేసి స్టార్ట్ చేయరాదు, అక్కడికక్కడే ఆపాలి. నెలలో రెండుసార్లు పక్క కారు సాయంతో స్టార్ట్ చేయవలసి వచ్చిన కారును పరీక్ష అయ్యేవరకు రాత్రి ట్రిప్పులకు పంపరాదు.

కొత్తది కొనేటప్పుడు కంపెనీ చెప్పిన కెపాసిటీనే తీసుకోవాలి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగే కార్లకు వాటికి తగిన రకపు బ్యాటరీనే వేయాలి. చవకని మామూలుది వేస్తే త్వరగా పోతుంది. తయారైన నెల చూడాలి, వారంటీ కార్డు మీద తేదీ, ముద్ర వేయించుకోవాలి. పాతదాన్ని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం డీలరుకో, సేకరణ లేదా రీసైక్లింగ్ చేసే సంస్థకో ఇవ్వాలి. సందుల్లో సీసం కరిగించేవారికి అమ్మడాన్ని సంఘం నిషేధిస్తున్నది. ఆ పొగ చుట్టుపక్కల పిల్లల మెదళ్లకు చేటు.

పరీక్షలో పోయిందని తేలిన బ్యాటరీకి డబ్బు సమకూరని సభ్యుడికి సంక్షేమ నిధి నుంచి వడ్డీ లేని అప్పు ఇవ్వాలి. మీటరు, హైడ్రోమీటరు సంఘమే కొని స్టాండులో ఉంచాలి.

కోశాధికారి ప్రతిపాదించగా, సీనియర్ డ్రైవర్ల తరఫు ప్రతినిధి బలపరచగా, మూడేళ్ల గడువు కోరిన సభ్యులు కూడా చివరికి సమ్మతించినందున, తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందినది. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి అమలు.