ల్యాప్‌టాపుపై తేనీరొలికినచో

2020వ సంవత్సరమున కోవిడ్ వ్యాధిచే పాఠశాలలు మూతపడిన నాటినుండి ల్యాప్‌టాపు మన విద్యార్థుల గృహములందనేకములలో ప్రవేశించి, పలకయు పుస్తకమును తానే యైనది. పలకపై నీరొలికిన తుడిచికొందుము. పుస్తకము తడిసిన నెండబెట్టుదుము. ఈ యంత్రముపై తేనీటి గ్లాసు బోర్లపడినపుడు చేయవలసిన దానిని మాత్ర మెరిగినవారు కొలదిమంది. ఎరిగినవారును వెంటనే చేయుట లేదు. అది యేలనో చెప్పుటకే యీ నాలుగు మాటలు.

యంత్రమును చెరచునది నీరొక్కటియే కాదు. ఆ నీట కరగిన లవణములును, ఆ తడిలో పారు విద్యుత్తును గూడి చెరచును. శుద్ధజలము విద్యుత్తును మిక్కిలి స్వల్పముగా మాత్రమే పోనిచ్చును. మన బావినీరు, మజ్జిగ, కొబ్బరినీరు అట్టివి కావు. విద్యుత్తున్నంతసేపు లోపలి సన్నని రాగి మార్గములు క్షణక్షణమును తినబడి చిలుము పట్టును. కావున ముందుగా గోడయొద్ది స్విచ్చి నార్పి, తీగెను లాగివేయవలెను. పిదప యంత్రపు మీటను అది ఆరిపోవువరకు నొక్కిపట్టి, మూత తెరచియుండగనే గుడారమువలె బోర్లించి నిలుపవలెను. క్రొత్త యంత్రములలో బ్యాటరీ లోపలనే బిగింపబడి యుండుటచే, ఆర్పినను విద్యుత్తు పూర్తిగా తొలగదు. ఆ దినముననే మరమ్మతు చేయువానియొద్దకు కొనిపోయిన, అతడు విప్పి, బ్యాటరీని విడదీసి, ఐసోప్రోపైల్ ఆల్కహాలుతో శుభ్రపరచును. “పనిచేయునేమో చూతము” అని నడుమ వెలిగించుటకంటె కీడు వేరొకటి లేదు.

బియ్యపు డబ్బాలో పాతిపెట్టుట మరియొక యాచారము. బియ్యము చక్కెర పాకమును పీల్చజాలదు, చిలుమును ఆపజాలదు. 2024లో ఆపిల్ సంస్థయే తడిసిన ఐఫోనును బియ్యములో నుంచవలదని తెలిపినది. అన్నమునకు పనికివచ్చు వస్తువును అన్నమునకే యుంచుట మేలు.

అయితే నా యభిప్రాయమున, బియ్యముకంటెను యంత్రములను చెరచునది పిల్లల భయము. తేనీరొలికిన బాలుడు పైపైన తువాలుతో తుడిచి, మూత వేసి, పరుండును. మరునాడు తండ్రి మీట నొక్కునప్పటికి రాత్రి యంతయు గడచియుండును. తలిదండ్రుల కోపమును నేను తప్పుపట్టను. అనేక కుటుంబములకది కొన్ని నెలల సంపాదన. పైగా సామాన్యపు వారంటీలు ద్రవమువలని నష్టమును భరింపవు. కాని “ఎవడు చేసినాడు?” అను ప్రశ్న తీగె లాగిన తరువాత వేయదగినది. భయము లేనిదే జాగ్రత్త రాదని కొందరందురు. జాగ్రత్తకు గ్లాసును వేరొక బల్లపై నుంచు నియమము చాలును; దండనము మరునాటికైనను ఆగగలదు.

మరమ్మతు చేయువానియొద్దను ఏమి యొలికినదో, ఎప్పు డొలికినదో దాపరికము లేక చెప్పవలెను. కొన్ని యంత్రములలో తడి తగిలిన రంగు మారు చిన్న గుర్తులు లోపల నతికింపబడియే యుండును. పాఠముల వ్రాతలు వేరొకచోట లేనిచో, వానిని ముందుగా కాపాడవలసినదని విప్పకమునుపే అతనికి తెలుపవలెను.