తెర లోపల ఏముంది?

మాది కడప జిల్లా రాజుపాలెం. ప్రొద్దుటూరు దగ్గర. మా వైపు ఇంజనీరింగ్ చదివిన పిల్లోళ్ళలో ఎక్కువమంది బెంగుళూరులోనో హైదరాబాదులోనో సాఫ్ట్‌వేర్‌లో తేలతారు. నేనూ ఆ బాపతే. రోజుకి పది గంటలు తెర చూడటమే పని. కానీ ఆ తెర లోపల ఏం జరుగుతోందని అడిగితే మాలో చాలామంది "ఎల్సీడీ అంటే ద్రవ స్ఫటికం" అని క్విజ్ జవాబు చెప్పి ఊరుకుంటారు.

ద్రవ స్ఫటికం అంటే ఏమీ బ్రహ్మవిద్య కాదండీ. చీపురు పుల్లలు కట్టకట్టి పెడితే అన్నీ ఒకే దిక్కుకి ఉంటాయి కదా. అణువులు కూడా అట్లా ఒకే దిక్కుకి నిలబడి, అయినా నీళ్ళలాగా జారుతూ ఉంటే అదే ద్రవ స్ఫటికం. 1888లో రైనిట్జర్ అనే ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త ఒక కొలెస్ట్రాల్ పదార్థాన్ని వేడిచేస్తే అది 145.5 డిగ్రీల దగ్గర కరిగి మసగ్గా ఉండిపోయింది, 178.5 దగ్గర తేటపడింది. కథ అక్కడ మొదలైంది.

ఇప్పుడు ఆ పుల్లల్ని పాలిమర్ గొలుసులకి కట్టి, వాటిలో వెలుతురికి స్పందించే అణువులు కలిపితే? అజోబెంజీన్ అని ఒకటుంది. మామూలుగా తిన్నగా ఉంటుంది. అతినీలలోహిత కాంతి పడగానే వంగిపోతుంది, పొడవు సుమారు 9 ఆంగ్‌స్ట్రాంల నుంచి 5.5కి తగ్గుతుంది. కట్టలో వంకర పుల్లలు దూరితే కట్టంతా చెదురుతుంది కదా, ఇక్కడా అంతే. దాంతో వెలుతురు ఆ పదార్థంలోంచి వెళ్ళే తీరే మారిపోతుంది. మామూలు కాంతి పడితే మళ్ళీ యథాస్థానం. 2003లో జపాన్‌లో ఇకెడా బృందం ఇట్లాంటి పల్చటి పొరని కాంతితోనే తమకి కావలసిన దిక్కుకి వంచి చూపించింది. మోటారు లేదు, తీగ లేదు.

ఇంతకీ నేను చెప్పాలనుకున్న అసలు సంగతి వేరే. 1977లో బెంగుళూరు రామన్ పరిశోధనా సంస్థలో ఎస్. చంద్రశేఖర్, సదాశివ, సురేశ్ కలిసి, పుల్లల్లాంటి అణువులే కాదు, బిళ్ళల్లాంటి అణువులు కూడా నాణేల దొంతుల్లాగా పేరుకుని ద్రవ స్ఫటికాలవుతాయని చూపించారు. ప్రపంచంలో అదే మొదలు. పాత లాప్‌టాప్ తెరని పక్కనుంచి చూస్తే రంగులు తలకిందులయ్యేవి, గుర్తుందా? పుల్లలు కాంతిని ఒక రకంగా మారిస్తే బిళ్ళలు దానికి వ్యతిరేకంగా మారుస్తాయి. అందుకని 1990ల్లో జపాన్ ఫ్యూజీ కంపెనీ బిళ్ళ అణువుల్ని పొరగా పూసి, అతినీలలోహిత కాంతితో పాలిమర్‌గా బిగించేసి, ఆ దోషాన్ని చాలావరకు తగ్గించింది. ఆ పొర వేసిన తెరలు దేశదేశాల ఆఫీసుల్లోకి వెళ్ళాయి.

"చూశారా, కనిపెట్టింది మనం, అమ్ముకుంది వాళ్ళు" అని ఏడవటం నాకిష్టం లేదు. శాస్త్రం అందరిదీ. కాకపోతే ఆ పొరని తయారుచెయ్యటానికి కెమిస్ట్రీ తెలిసినవాళ్ళు, ఏళ్ళ తరబడి ఓపిక పట్టే కంపెనీ కావాలి. మరి మనదగ్గర? ఎవరైనా "బీయస్సీ కెమిస్ట్రీ" అంటే చాలు, "అయ్యో, ఎంసెట్‌లో ర్యాంకు రాలేదా నాయనా?" అంటారు. ఆ జాలి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

అప్పుచేసి చదివించిన నాయనకి నెల తిరిగేసరికి జీతం కనపడాలి, నిజమే. మా ఇంట్లోనూ అదే లెక్క. శనగ పంట దెబ్బతింటే తెలుస్తుంది ఆ జీతం విలువ. అందుకని అందరూ పరిశోధనలోకి పొండి అని నేను చెప్పను. వెళ్ళాలనుకున్న ఒక్కణ్ణి మాత్రం వెనక్కి లాగొద్దంటాను. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో పిసిపాటి గారి బృందం ఏళ్ళపాటు ద్రవ స్ఫటికాల మీదే పనిచేసిందని మన పిల్లలకి చెప్పినవాళ్ళెవరు?

మనం చెయ్యగలిగింది చిన్నదే. పండక్కి ఊరికి పోయినప్పుడు ఒక పాత కాలిక్యులేటర్, ఒక జత పోలరాయిడ్ కళ్ళద్దాలు పట్టుకుపోండి. అద్దాన్ని అంకెల ముందు మెల్లగా తిప్పితే ఒక దగ్గర తెరంతా నల్లబడుతుంది. పిల్లలు "ఎందుకు?" అని అడుగుతారు. అప్పుడు చీపురు పుల్లల కట్ట తెచ్చి, తెలుగులోనే చెప్పండి. ర్యాంకుల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఏమంటారు?