యానాం ఆడవాళ్ళ ఓటు ఎవరి లెక్కలోకి వస్తుంది?

2024 ఏప్రిల్ 19న యానాంలో లోక్‌సభ ఎన్నికల పోలింగ్ జరిగింది. అదే రోజు గౌతమి అవతల ఎదుర్లంకలో, ఇటు పక్క తాళ్ళరేవులో ఆడవాళ్ళు ఎప్పటిలాగే పనుల్లోకి వెళ్ళారు. వాళ్ళ ఓటు రోజు మే 13. అక్కాచెల్లెళ్ళలో ఒకరిని యానాం ఇచ్చి, ఒకరిని ముమ్మిడివరం ఇచ్చిన ఇళ్ళు ఇక్కడ ఎన్నో వున్నాయి. ఒకే సంతలో చేపలు కొంటారు, ఒకే బస్సెక్కుతారు. కానీ ఓటు దగ్గరికి వచ్చేసరికి ఒక చెల్లెలు అమలాపురం సీటుకీ, ఇంకో చెల్లెలు సుమారు 870 కిలోమీటర్ల దూరాన వున్న పుదుచ్చేరి సీటుకీ వేస్తుంది.

యానాం నీళ్ళ మధ్య దీవి కాదు, ఆంధ్ర మధ్య దీవి. 30 చదరపు కిలోమీటర్ల నేల. 2011 లెక్కల ప్రకారం 55 వేల పైచిలుకు జనం. 1954లో ఫ్రెంచివాళ్ళు పోయారు, 1962 ఆగస్టు 16న చట్టప్రకారం కూడా ఇండియాలో కలిసింది. 1954 అక్టోబరులో కిళూరులో విలీనం మీద ఓటింగ్ జరిగినప్పుడు 178 మంది ప్రతినిధులు వేశారు, 170 మంది విలీనానికి ఒప్పుకున్నారు. జనం నేరుగా ఓటు వెయ్యలేదు. ఆడవాళ్ళని అడిగారా అన్న ప్రశ్న ఇక అనవసరం.

ఈ సరిహద్దు ఇన్నేళ్ళలో ఎవరికి పనికొచ్చిందో చూద్దాం. శారదా చట్టం 1930 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకి పెళ్ళి చెయ్యటం బ్రిటిష్ ఇండియాలో నేరమైంది. అప్పుడు గోదావరి జిల్లాల పెద్దమనుషులు ఏం చేశారు? పిల్లల్ని పడవలెక్కించి యానాం తీసుకొచ్చి పెళ్ళిళ్ళు చేశారు. ఫ్రెంచి నేల మీద ఆ చట్టం లేదు. ఆ వూరికి 'కళ్యాణపురం' అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు! ఆ పేరు ఇప్పటికీ సరదాగా చెప్పుకుంటున్నారు. పడవలో నిద్రపోతూ వచ్చి మెడలో తాడుతో తిరిగి వెళ్ళిన పిల్లల గురించి మాత్రం ఎవరూ చెప్పరు.

రెండో కథ మన తరం చూసిందే. దూబగుంట ఆడవాళ్ళతో మొదలైన పోరాటం వల్ల 1993 అక్టోబరు 1న సారా ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేసేదాకా గోదావరి జిల్లాల మగవాళ్ళకి యానాం దారి బాగా తెలిసింది. ఆడవాళ్ళు కొట్లాడి తెచ్చుకున్న చట్టం వంతెన దాకా వచ్చి ఆగిపోయింది. సీసా దాటింది. పిల్లల పెళ్ళయినా మందయినా, మగవాడికి చట్టం అడ్డమొస్తే యానాం వుంది. మరి ఆడదానికి ఆ సరిహద్దు ఏమిచ్చింది?

ఎన్నికల లెక్క చూడండి. పుదుచ్చేరి, కారైకాల్, మాహె, యానాం కలిపి ఒక్కటే లోక్‌సభ సీటు. 2024లో ఓటర్లు పది లక్షల పైన, అందులో ఆడవాళ్ళే ఎక్కువ. 1967 నుంచి 2024 దాకా ఆ సీటు నుంచి ఒక్క స్త్రీ కూడా ఢిల్లీ వెళ్ళలేదు. యానాం శాసనసభ సీటు సంగతీ అంతే. 1964 నుంచి 2021 ఎన్నికల వరకు గెలిచిన వాళ్ళందరూ మగవాళ్ళే. 2021లో పుదుచ్చేరి శాసనసభకి ఎన్నికైన 30 మందిలో స్త్రీ ఒక్కరే, నెడుంగాడు నుంచి చందిర ప్రియాంగ. నలభై ఏళ్ళ తర్వాత అక్కడ మంత్రి అయిన స్త్రీ కూడా ఆమే. 2023 అక్టోబరులో పదవి వదులుతూ రాసిన లేఖలో కులం పేరుతో, ఆడది అన్న పేరుతో తాను ఎదుర్కొన్న వివక్ష గురించీ, డబ్బు బలం గురించీ రాశారు. దళిత స్త్రీ మంత్రి పదవిలో కూచున్నాక కూడా ఆ మాట రాయవలసి వచ్చింది.

ఇదే పుదుచ్చేరికి లెఫ్టినెంట్ గవర్నర్లుగా చంద్రావతి, రాజేంద్రకుమారి బాజ్‌పాయ్, రజనీ రాయ్, కిరణ్ బేడి, తమిళిసై సౌందరరాజన్ పనిచేశారు. ఐదుగురు స్త్రీలు! ఢిల్లీ నియమించాలంటే స్త్రీలు దొరుకుతారు. పార్టీలు టికెట్ ఇవ్వాలంటే మాత్రం 'సమర్థులు దొరకటం లేదు'. ఈ పార్టీ ఆ పార్టీ అని లేదు, అన్నిటిదీ ఒకే పాట.

2024 ఎన్నికల ముందు మార్చిలో పుదుచ్చేరి నగరంలో తొమ్మిదేళ్ళ ఆడపిల్లని చంపి కాలువలో పడేశారు. ఆడవాళ్ళు, విద్యార్థులు రోజుల తరబడి రోడ్డు మీద కూచున్నారు. మత్తుమందులు, రేషన్ షాపులు మూసేసి బియ్యానికి బదులు బ్యాంకులో డబ్బు వెయ్యటం, ఇవన్నీ ఆ ప్రచారంలో వినపడ్డాయి. ఆడవాళ్ళు లేవనెత్తిన ప్రశ్నల మీద ఎన్నిక నడిచింది. ప్రధాన పోటీ మాత్రం ఇద్దరు మగవాళ్ళ మధ్యే. వైద్యలింగం లక్షా ముప్ఫై వేలకు పైగా ఆధిక్యతతో గెలిచారు. యానాం ఓటర్లు నలభై వేల లోపు. అంటే మొత్తం ఓటర్లలో పాతికమందికి ఒకరు. తమిళంలో నడిచే ఆ రాజకీయంలో తెలుగులో మాట్లాడే మత్స్యకార స్త్రీ గొంతు ఎంత దూరం పోతుంది?

అయితే మాకు అసలు బాధ లోక్‌సభ సీటు గురించి కాదు. దానికన్నా కింద, ఇంటి గుమ్మం దగ్గర వున్న ఓటు గురించి. ఫ్రెంచివాళ్ళు 1880లోనే యానాంలో మునిసిపల్ కౌన్సిల్ పెట్టారు. స్వతంత్ర దేశంలో కలిశాక పుదుచ్చేరి ప్రాంతంలో స్థానిక ఎన్నికలు 1968లో ఒకసారి, తర్వాత 38 ఏళ్ళకి 2006లో ఒకసారి జరిగాయి. అది కూడా కోర్టు వెంటపడితే. 1992 నాటి రాజ్యాంగ సవరణలు మూడోవంతు స్థానాలు స్త్రీలకి ఇచ్చాయి కదా, ఆ హక్కు అక్కడి ఆడవాళ్ళకి ఒక్క దఫా రుచి చూపించి 2011లో గడువు తీరగానే లాక్కున్నారు. 2021లో నోటిఫికేషన్ దాకా వచ్చి, వ్యవహారం కోర్టుకెక్కి ఆగిపోయింది. 2024లో లోక్‌సభకి ఓటేసిన యానాం స్త్రీకి తన వీధి కాలవ గురించి అడగటానికి ఒక వార్డు సభ్యురాలు లేదు. మునిసిపాలిటీ వుంది, అధికారి వున్నాడు, ఎన్నికైన కౌన్సిల్ లేదు.

వంతెన దాటితే ఆంధ్రలో పంచాయతీల్లో సగం స్థానాలు స్త్రీలవి. 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో వేల మంది సర్పంచులయ్యారు. చాలాచోట్ల సంతకం ఆమెది, కుర్చీ భర్తది అని మనకి తెలుసు, ఈ పేజీల్లోనే ఎన్నోసార్లు రాసుకున్నాం. అయినా సరే, పదేళ్ళు పంచాయతీలో కూచున్న ఆడది మండలాఫీసులో మాట్లాడే తీరు వేరు. ఇంట్లో భర్తని వెనక్కి కూచోమన్న సర్పంచులూ వున్నారు. 2019లో అమలాపురం నుంచి చింతా అనురాధ, 2024లో రాజమండ్రి నుంచి పురందేశ్వరి లోక్‌సభకి వెళ్ళారు. వాళ్ళ పార్టీల విధానాలతో మనకి పేచీ వుండొచ్చు. పైన ఇద్దరు వెళ్ళటం కన్నా కింద వేలమంది రావటమే మనకి ముఖ్యం. యానాం ఆడవాళ్ళకి ఆ కింది మెట్టే లేదు. మెట్టు తీసేసి 'ఎక్కి రావటం లేదేం' అని అడుగుతున్నారు.

మన దగ్గరికి వచ్చే కేసుల్లో ఈ సరిహద్దు ఇంకో రకంగా తగులుతుంది. కోనసీమ పిల్లని యానాం ఇచ్చారు. కొట్టి పంపేస్తే పుట్టింటికి వచ్చింది. ఇక్కడి స్టేషన్ 'అది వేరే రాష్ట్రం' అంటుంది, అక్కడి స్టేషన్ 'నువ్వు ఇక్కడ వుండటం లేదుగా' అంటుంది. హైకోర్టు దాకా పోవాలంటే ఒక పక్క అమరావతి, ఇంకో పక్క మద్రాసు. 2005 గృహహింస చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఆమె తాత్కాలికంగా వుంటున్న చోట కూడా కేసు వెయ్యొచ్చు. ఈ సెక్షన్ పుట్టింటి గ్రామాల్లో పనిచేసే కార్యకర్తలందరికీ నోటికి రావాలి. స్టేషన్‌లో ముందు మనమే చెప్పాలి, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

2023లో చట్టసభల్లో మూడోవంతు రిజర్వేషన్ కోసం రాజ్యాంగాన్ని సవరించారు. పుదుచ్చేరి శాసనసభకి విడిగా ఇంకో చట్టం చేశారు. రెండిట్లోనూ జనాభా లెక్కలు, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలు అని రాసుకున్నారు. అది వాయిదా. అయితే ఒక్క సీటున్న చోట మూడోవంతు అంటే ఏమిటి? అండమాన్‌కి ఒక్క సీటు, అక్కడ మన శ్రీకాకుళం నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళూ వున్నారు. లక్షద్వీప్‌కి ఒక్కటి. పుదుచ్చేరికి ఒక్కటి. 2024 దాకా ఈ మూడు సీట్లలోనూ స్త్రీ గెలవలేదు. రిజర్వు సీట్లు ప్రతి పునర్విభజన తర్వాతే మారతాయి. ఒంటి సీటు ప్రాంతాలకి వంతు ఎప్పుడొస్తుందో చట్టంలో విడమరచి చెప్పలేదు.

చిన్న ప్రాంతం కాబట్టి ఆడవాళ్ళు రాలేరు అనే మాట నమ్మకండి. ఐల్ ఆఫ్ మాన్ అనే చిన్న దీవిలో ఆస్తి వున్న స్త్రీలకి 1881లోనే పార్లమెంటు ఓటు వచ్చింది. లండన్ అప్పటికి ఆ మాట వినటానికి కూడా సిద్ధంగా లేదు. చిన్నదయితే వాటంతట అవే మంచి రోజులు వస్తాయనీ లేదు. పసిఫిక్‌లోని తువాలు దీవుల్లో 2024 జనవరిలో 16 మందిని ఎన్నుకుంటే ఒక్క స్త్రీ లేదు.

యానాంలో, చుట్టుపక్కల మండలాల్లో పనిచేస్తున్న సంఘాలకి మా సూచన ఇది. ఏ ఎన్నిక వచ్చినా ఓటడగటానికి వచ్చిన ప్రతి అభ్యర్థినీ, మీ వాడయినా సరే, మునిసిపల్ ఎన్నికలు ఏ తేదీన పెట్టిస్తావో కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. బెల్టు షాపుల మీద, సరిహద్దు కేసుల మీద వంతెనకి రెండు వైపులా వున్న సంఘాలు కలిసి కూచోవాలి, ఒకే వినతిపత్రం ఇద్దరు కలెక్టర్లకీ, యానాం అధికారికీ ఇవ్వాలి. 2006లో యానాంలో వార్డు సభ్యులుగా గెలిచిన స్త్రీలు ఇప్పుడెక్కడున్నారో, ఆ ఐదేళ్ళలో ఏం చెయ్యగలిగారో, ఏం చెయ్యనివ్వలేదో వాళ్ళ నోటితోనే చెప్పించి మాకు రాసి పంపండి. వచ్చే సంచికలో నాలుగు పేజీలు వాటికోసం వుంచుతున్నాం.