హాలు మూతబడింది... బూర ఇంటికొచ్చింది!

కోటప్పకొండ తిరనాళ్ళకి ఎప్పుడైనా వెళ్ళారా? శివరాత్రి నాడు ప్రభల మీది మైకు బూరలు పోటీలు పడి పాడుతుంటే గుండె అదిరిపోతుంది. నాకు శబ్దం మీద మోజు పుట్టింది అక్కడే!

మా అమ్మకి మోకాళ్ళు అరిగిపోయాయి. సినిమాహాలు మెట్లెక్కి మూడేళ్ళయింది. ఆవిడ ప్రాణమంతా 1966లో వచ్చిన 'పల్నాటి యుద్ధం' మీదే. బ్రహ్మనాయుడుగా రామారావుగారు, నాగమ్మగా భానుమతిగారు! "టీవీలో ఆ గొంతు డబ్బాలో గులకరాళ్ళలా ఉందిరా" అంటుంది. "ఆగవే అమ్మా, హాలునే ఇంటికి తెస్తా" అని కోతలు కోశాను.

మూతబడిన ఓ హాలు సామాను అమ్ముతుంటే బూర, దాని యూనిట్ కొనుక్కొచ్చాను. హాల్లో తెర వెనకాల ఉండేది ఇలాంటిదే. తెరకున్న సన్నటి చిల్లుల్లోంచి మాట మనదాకా వస్తుంది. 1945లో అమెరికావాళ్ళ ఆల్టెక్ లాన్సింగ్ కంపెనీ ఇలాంటి బూరల స్పీకర్లకి 'వాయిస్ ఆఫ్ ది థియేటర్' అనే పేరే పెట్టింది.

ఇంతకీ బూర చేసే పనేమిటి? ఒట్టి స్పీకరు గాలిని సరిగా నెట్టలేదు. పుల్లతో నీళ్ళు తోసినట్టే! వంద వాట్ల కరెంటిస్తే శబ్దంగా మారేది సుమారు ఒక్క వాటు. సన్నగా మొదలై క్రమంగా విచ్చుకునే బూర తగిలిస్తే గాలి పట్టు దొరుకుతుంది. మంచి బూరయితే పది నుంచి ముప్ఫై వాట్లు రాబడుతుంది.

ఆత్రంకొద్దీ యూనిట్‌ని తిన్నగా యాంప్లిఫయరుకి కలిపాను. డప్పు మోత మొదలైందో లేదో... టప్! డయాఫ్రం చిరిగింది. అమ్మ ఏమీ అనలేదు, టీవీ కట్టేసి లోపలికెళ్ళిపోయింది. అదే ఎక్కువ బాధేసింది. బరువు స్వరాల్ని అడ్డుకునే కెపాసిటరు మధ్యలో పెట్టాలని అప్పుడు తెలిసింది.

మరి ఆ బరువు స్వరాల మాటేమిటి? 40 హెర్ట్జ్ స్వరానికి బూర నోరు దాదాపు తొమ్మిదడుగుల వెడల్పుండాలి. ఇల్లు ఖాళీ చేయాల్సిందే! 1940లలో పాల్ క్లిప్ష్ అనే అమెరికా ఇంజనీరు దీనికో ఉపాయం చేశాడు. బూరని పెట్టెలో మడిచి గదిమూలన నిలబెట్టి, రెండు గోడల్నే బూర నోటికి కొనసాగింపుగా వాడుకున్నాడు. అంత వడ్రంగం నావల్ల కాక, బరువు స్వరాలు మామూలు పెట్టెకి అప్పగించాను. బూర దాన్ని మింగేయకుండా రెసిస్టరుతో గొంతు తగ్గించాను.

కొత్త డయాఫ్రం వేశాక మళ్ళీ నాగమ్మ మాట్లాడింది. అమ్మ ఉలిక్కిపడి, "ఏందిరా... నన్నే కసురుతున్నట్టుంది!" అంది. శుభం కార్డు పడేదాకా కుర్చీ కదల్లేదు.

మీ ఊళ్ళో హాలు మూతబడుతోందా? ఆ బూరని పాత ఇనుము బండెక్కనివ్వకండి. కెపాసిటరు మాత్రం మరవొద్దు సుమా!